పోపు వాసన వేసిన వైఫై పెట్టె

నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. నవ్వకండి. జీవితమంతా సర్వీసు చేసి, చివరి రోజున శాలువా కప్పించుకుని, ఆ శాలువానే మడతపెట్టి ఇంకొకరి రిటైర్మెంటుకు ఇచ్చేసేవాళ్ళే జ్ఞాపకాలు రాయాలని రూలేమీ లేదు. ఇంటింటికీ తిరిగి వైఫై బిగించే ఉద్యోగంలో వయసును వేరే రకంగా లెక్కపెట్టాలి. ఎండలో ఎక్కిన డాబాలు, తరిమిన కుక్కలు, అన్నం కలుపుకోగానే వచ్చే "చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది బాబూ" అనే ఫోన్లు, అన్నీ కలిపితే నాకు పెన్షన్ ఎప్పుడో రావాలి.

అందుకని ఈ లైన్లోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక సంగతి చెబుదామని కూర్చున్నాను. కేబుల్ ఎలా లాగాలో చెప్పను. అది ఎవరైనా నేర్పుతారు. మీరు లాగిన కేబుల్ చివరికి ఎవరి పేరు మీద పడుతుందో అది మాత్రం ఎవరూ నేర్పరు. నాకు అది నేర్పిన ఇల్లు అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఉంది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే నా బండి దానంతటదే స్పీడందుకుంటుంది.

మా కంపెనీ పేరు చెప్పను. చెడ్డపేరైనా పేరే కదా, ఊరికే ఎందుకివ్వాలి? మేం అమ్మేది నెట్ ఒక్కటే కాదు. ఇల్లంతా వినోదం. హాల్లో పెద్దవాళ్ళు సీరియల్ చూస్తుంటే మేడమీద కుర్రాళ్ళు క్రికెట్టూ, పడగ్గదిలో కోడలు సినిమా, ఎక్కడా ఆగకుండా నడవాలి. కరపత్రం మీద ఒక కుటుంబం సోఫాలో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. వాళ్ళకు వైఫై బిగించింది ఎవరో గానీ, అలా నవ్వే కుటుంబాన్ని నా సర్వీసులో నేను చూడలేదు.

మా జట్టులో అందరం మగవాళ్ళం, ఒక్క అక్క తప్ప. నాకే కాదు, ఆవిడకంటే పెద్దవాళ్ళకూ ఆవిడ అక్కే. సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళమ్మ ఇప్పటికీ చేపల తట్ట పట్టుకుని మన మార్కెట్‌కే వస్తుంది. అక్క ఐటీఐ చదివి ఉద్యోగానికొస్తే సూపర్‌వైజర్, "నీకెందుకమ్మా ఎండలో తిరగడం? ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తు" అన్నాడట.

"ఫోనెత్తడానికి ఐటీఐ ఎందుకండి? నిచ్చెన ఎక్కుతాను" అందిట అక్క.

ఆ మాట మీద నిలబడడానికి ఆవిడ ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో నాకు తెలుసు. చివరికి ఐడీ ఇచ్చారు. ఐడీ అంటే ఫోన్లో ఒక నంబరు. ఆ నంబరుకే పనులు వచ్చిపడతాయి. నంబరు ఆపేస్తే పని ఉండదు, జీతం ఉండదు, మనిషి ఉన్నట్టే లెక్క ఉండదు. కంపెనీ ఇచ్చిన నిచ్చెన మా ఊళ్ళో కట్టే ఇళ్ళ ఎత్తుకు ఏ మూలకూ రాదు. మేం స్టూళ్ళు అడుక్కుని పని కానిచ్చేవాళ్ళం. అక్క మాత్రం తన సొంతానికి ఒక అల్యూమినియం నిచ్చెన కొనుక్కుంది. వలలకు ముళ్ళేసిన చేతులు, ఆవిడ కట్టిన కేబుల్‌ని పీకాలంటే గోడ కూడా రావాలి.

సూపర్‌వైజర్ గురించి కూడా చెప్పాలి. మాతో కలిసి తిరిగినప్పుడు మంచి మనిషే. మెడలో ట్యాగు రంగు మారాక మాత్రం ఏది అడిగినా "సిస్టంలో అలా లేదు బావా" అనేవాడు. మగవాళ్ళందరినీ బావా అనేవాడు. అక్కను ఏమనాలో తెలియక "మేడం" అనేవాడు. అందులో గౌరవం ఎంతుందో మీరే ఊహించుకోండి.

ఇక ఆ ఇల్లు. బెల్లం కమిషన్ వ్యాపారం చేసే షావుకారు గారిది. మూడంతస్తులు, హాల్లో గోడంత టీవీ, దాని పక్కన అద్దాల షోకేసు నిండా ఏటికొప్పాక బొమ్మలు. కనెక్షన్ బిగించింది అక్కే. పెట్టెను హాల్లో ఈశాన్యం మూలన, మూడు అంతస్తులకూ సిగ్నల్ అందే చోట పెట్టి, ముందు ముందు ఏదైనా మార్చుకోవాల్సొస్తే పనికొస్తుందని టీవీ వెనకాల కేబుల్ ఇంకో చుట్ట మిగిల్చి మరీ వచ్చింది. మంచి పనివాళ్ళు అలాగే చేస్తారు. ఆ చుట్టే ఆవిడ కొంప ముంచింది.

వారం తిరక్కుండా కంప్లైంట్. టీవీలో బొమ్మ ఆగిపోయి, మధ్యలో చక్రం తిరుగుతోందని. అక్క ఫోన్ చేసి వెళ్ళింది. అంతా బాగానే ఉంది. మేడమీద కూడా ఫుల్ సిగ్నల్. వచ్చేసింది. మళ్ళీ కంప్లైంట్. ఈసారి షావుకారు గారే ఆఫీసుకు ఫోన్ చేశారు. క్రికెట్ మ్యాచ్‌కి వియ్యాలవారిని పిలిచారట. చివరి ఓవర్లో బౌలర్ చెయ్యి పైకెత్తి అలా ఉండిపోయాడట. పక్కింట్లోంచి కేకలు వినపడ్డాకే మనం గెలిచామని తెలిసిందట.

"పదిమందిలో పరువు పోయింది. ఆడపిల్లని పంపించేరు. ఆవిడకి పని రాదు. మగాణ్ణి పంపండి" అన్నారు.

ఎంత మాట! దేశంలో ఏ ఇంట్లో బొమ్మ ఆగిపోయినా నెట్‌ని తిడతారు, కంపెనీని తిడతారు, కరెంటోళ్ళని తిడతారు. నేను బిగించిన ఇళ్ళల్లోనూ చక్రాలు తిరిగాయి. ఒక్కరంటే ఒక్కరు "మగపిల్లాడు బిగించాడు, అందుకే తిరుగుతోంది" అనలేదు. చక్రానికి ఆడా మగా తేడా తెలుసని నాకు షావుకారు గారు చెప్పేదాకా తెలియదు.

అయినా ఆ పని అక్క నంబరుకే పడింది, రెండోసారి వెళ్ళింది. మళ్ళీ అంతా బాగానే ఉంది. కానీ ఈసారి తిరిగొచ్చి నా పక్కన టీ గ్లాసుతో నిలబడి ఒక మాటంది.

"తమ్ముడూ, ఆ పెట్టికి పోపు వాసనొత్తందిరా."

"ఏం వాసన?"

"పోపు. ఆవాలు, ఇంగువ. సేత్తో ముట్టుకుంటే జిడ్డు. హాల్లో ఉన్న పెట్టికి పోపు వాసనేటి?"

"షావుకారు గారు సీరియల్ చూస్తూ పులిహోర తింటారేమో అక్కా."

"నవ్వు, నవ్వు. మూడో కంప్లైంటొత్తే నా ఐడీ ఆపేత్తారు. అప్పుడు నువ్వూ నానూ కలిసి నవ్వుకుందాం."

నా నవ్వు ఆగిపోయింది. ఆ రూలు నాకూ తెలుసు. ఒకే ఇంటి నుంచి మూడోసారి అదే కంప్లైంట్ వస్తే, బిగించిన మనిషి ఐడీ ఆగిపోతుంది. ఎందుకొచ్చింది, ఎవరివల్ల వచ్చింది అనే ప్రశ్నలకు సిస్టంలో చోటు లేదు.

మూడో కంప్లైంట్ వచ్చింది. ఈసారి అది నా నంబరుకు పడింది, మగాణ్ణి కాబట్టి. సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, "ఎలాగోలా క్లోజ్ చెయ్యి బావా. మేడం సంగతి తరవాత చూద్దాం" అన్నాడు. తరవాత చూద్దాం అంటే ఆ ఆఫీసులో ఏమిటో అక్కడి గోడమీద బల్లికి కూడా తెలుసు.

"నానూ వత్తాను" అంది అక్క.

"సరే. ఫోన్ చేసి..."

"ఫోన్ సెయ్యకు. సుట్టాల్లాగ ఎల్దాం. అన్నాలేలకి."

కస్టమరుకు ఫోన్ చెయ్యకుండా గుమ్మం ఎక్కకూడదని రూలు. ఆ రూలు వల్లే వెళ్ళిన ప్రతిసారీ ఆ ఇల్లు మా కోసం ముస్తాబై ఉంటోందని అక్క అనుమానం. కంపెనీ టీషర్టు మీద చొక్కా తొడుక్కుని, నిచ్చెన బండికి అడ్డంగా కట్టుకుని వెళ్ళాం. నిచ్చెన పట్టుకొచ్చే చుట్టాలు ఎక్కడుంటారని అడక్కండి. గొప్ప పథకాలన్నిటిలోనూ అలాంటిదొకటి మిగిలిపోతుంది.

దీపాలు పెట్టేశారు. తలుపు తీసింది షావుకారు గారి అమ్మగారు. చెవిలో మిషను, చేతిలో రిమోటు, వెనక టీవీలో ఏడవబోయి సగంలో ఆగిపోయిన కథానాయిక. ఆవిడ ముఖం మధ్యలో చక్రం తిరుగుతోంది.

మామ్మగారు అక్కను గుర్తుపట్టి కంగారుపడిపోయారు. "ఓలమ్మ! ఫోన్ సెయ్యకుండా వచ్చేసేరేటి? ఉండండి, ఉండండి, ఒక్క నిమిషం గుమ్మంలోనే ఉండండి. పెట్టి తెచ్చి హాల్లో ఎట్టేత్తాను."

అయిపోయింది. అపరాధ పరిశోధన అంతా అంతే. నేను దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన ప్రశ్నలు ఒక్కటీ అడగకుండానే మామ్మగారు మొత్తం చెప్పేశారు.

వంటింట్లోకి వెళ్ళి చూశాం. మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోంది, లోపల పప్పు గిన్నె. ఓవెన్ నెత్తిన మా పెట్టె. దానికి పసుపు రాసి కుంకం బొట్టు పెట్టారు. యాంటెన్నాకు మందారం పువ్వు. పక్కనే పొయ్యి మీద పోపు చిటపటలాడుతోంది. అక్క మిగిల్చిన కేబుల్ చుట్ట విప్పుకుని, హాల్లోంచి తలుపు కిందగా, ఫ్రిజ్ వెనకగా చక్కగా అక్కడిదాకా వచ్చింది.

సంగతేమిటంటే, మేడ మీద కొత్త గది వేద్దామని ఇల్లు చూడ్డానికి వాస్తు సిద్ధాంతి గారొచ్చారు. హాల్లో ఈశాన్యం మూలన దీపాలు మినుకుమినుకుమంటూ వేడిగా ఉన్న పెట్టెను చూసి, ఇది అగ్ని తత్త్వం, ఆగ్నేయంలో ఉండాలి అన్నారు. ఆగ్నేయం అంటే వంటిల్లు. కానీ పెట్టె మీద "సిబ్బంది తప్ప ఎవరూ కదపరాదు" అని మా కంపెనీ స్టిక్కరుంది. అందుకని, మేం ఫోన్ చెయ్యగానే పెట్టె హాల్లోకి వచ్చేస్తుంది. మేం గేటు దాటగానే ఆగ్నేయానికి వెళ్ళిపోతుంది. మా కంటే ఎక్కువ తిరిగింది ఆ పెట్టె.

ఇక్కడ ఒక్క ముక్క టెక్నికల్. వాళ్ళ టీవీ పట్టుకునే వైఫై, ఓవెన్లో అన్నం వేడిచేసే తరంగాలు, రెండూ దాదాపు ఒకే దారిన నడుస్తాయి. ఓవెన్ పక్కనుంచి సిగ్నల్ పంపడమంటే పెళ్ళి బాజాల మధ్య నిలబడి గుసగుసలాడ్డం లాంటిది. ఓవెన్లో పళ్ళెం తిరిగినంతసేపూ హాల్లో చక్రం తిరుగుతుంది.

అంతలో షావుకారు గారు వచ్చారు. మమ్మల్నీ, పెట్టెనూ చూశారు. క్షణం కూడా తడబడలేదు.

"సిద్ధాంతి గారు చెప్పేరు, పెట్టేం. దానికీ దీనికీ సంబంధం ఏటి?"

అక్క ఓవెన్ ఆపింది. హాల్లో కథానాయిక భోరుమంది. మళ్ళీ ఓవెన్ వేసింది. ఏడుపు ఆగింది. మామ్మగారికి ఇది తెగ నచ్చేసింది. "ఏదీ, నన్ను నొక్కనియ్యి" అని తనే ముందుకొచ్చి ఆపడం, వెయ్యడం మొదలెట్టారు. తెర మీద అత్తగారు తిట్టబోయినప్పుడల్లా వెయ్యడం, కోడలు మాట్లాడబోతే ఆపడం. కాసేపటికి ఆ సీరియల్‌లో న్యాయం అనేది కనిపించసాగింది.

మామ్మగారు కొడుకు వైపు తిరిగారు. "మరి ఈ ఆడగుంట మీద కంపెనీకి సెప్పేవేటిరా? పని రాదన్నావేటి?"

షావుకారు గారు చేతులు కట్టుకున్నారు. "అయితే ఓవెనంటే భయపడే పెట్టి బిగించేరన్నమాట. అది మా తప్పా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు వారాలుగా ఒక మనిషి బతుకుతెరువుతో ఆడుకుంటూ, దొరికిపోయాక కూడా తప్పు పెట్టెది! నేను నోరు తెరవబోయాను. చాలా గొప్ప మాటలు సిద్ధంగా ఉన్నాయి. అక్క నా కాలు తొక్కింది.

"సిద్ధాంతి గారు ఇంటికి ఆగ్నేయం సెప్పేరండి. హాలుకి ఆగ్నేయం నేదేటండి?"

షావుకారు గారు ఆలోచనలో పడ్డారు. సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. అవతల కాసేపు గొంతు సవరింపులు. ప్రతి గదికీ ఎనిమిది దిక్కులూ ఉంటాయని, హాలు ఆగ్నేయమైతే మరీ శ్రేష్ఠమని, తాను మొదట చెప్పిందీ అదేనని సిద్ధాంతి గారు సెలవిచ్చారు. అంత తొందరగా మాట మార్చగలిగినాయన మా కంపెనీలో ఉంటే ఈపాటికి పెద్ద పోస్టులో ఉండేవాడు.

అక్క నిచ్చెన వేసి ఎక్కింది. హాలు ఆగ్నేయం మూలన, గోడకు ఎత్తుగా, మామ్మగారికి అందనంత పైన పెట్టెను బిగించింది. కేబుల్‌ని గోడకు కట్టింది. మిగిలిన చుట్టను ఈసారి కోసేసి సంచిలో వేసుకుంది. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నేను చేసిన పని మొత్తం అంతే. దాన్ని ఇంకాస్త పెద్దదిగా రాద్దామని ఎంత ప్రయత్నించినా కుదర్లేదు.

ఓవెన్ వేశారు. మూడంతస్తుల్లో మూడు తెరలు పెట్టారు. ఎక్కడా ఆగలేదు. షావుకారు గారు నిచ్చెన దిగుతున్న అక్కను దాటుకుని వచ్చి నా భుజం తట్టారు.

"చూసేవా బాబూ? మగాడు రావాలన్నాను. వచ్చేక బాగయింది."

నా ఫోన్ టింగుమంది. ఐదు నక్షత్రాలు, నా పేరు మీద.

మర్నాడు ఆఫీసులో జరిగింది చెబితే మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నేను జరిగినదంతా సూపర్‌వైజర్‌కి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు, నవ్వాల్సిన చోట నవ్వాడు, తరవాత కంప్యూటర్ నా వైపు తిప్పాడు. మూసేసిన కంప్లైంటుకు కారణం ఎంచుకోవాలి. మూడే ఉన్నాయి: పరికరం తప్పు, కేబుల్ తప్పు, టెక్నీషియన్ తప్పు.

"కస్టమర్ తప్పు ఏదీ?"

"సిస్టంలో అలా లేదు బావా."

"పరికరం తప్పని పెట్టు."

"పెడితే స్టోర్స్ వాళ్ళు నన్ను తినేస్తారు బావా. కేబుల్ అంటే ప్రాజెక్టు వాళ్ళు. టెక్నీషియన్ అంటే..." అని ఆగాడు.

"ఎవరూ అడగరు. అంతే కదా?"

అతను టెక్నీషియన్ తప్పు అనే దాని మీద నొక్కాడు. పైగా, తన నంబరుకు పడని ఇంటికి, ఫోన్ చెయ్యకుండా వెళ్ళినందుకు అక్క మీద ఇంకో రిమార్కు. నేనూ వెళ్ళాను కదా అంటే, అది నా నంబరుకు పడిన ఇల్లే కదా అన్నాడు. నా రిమార్కుకు ఐదు నక్షత్రాలు అడ్డొచ్చాయట.

అక్క ఐడీ ఆపేశారు.

ఆ నెల ఉత్తమ టెక్నీషియన్ ఎవరో చెప్పక్కర్లేదు. బహుమతి హాట్‌ప్యాక్ డబ్బాల సెట్టు. పెద్దాఫీసు వాళ్ళు విశాఖ నుంచి వీడియోలో చూస్తారని హాల్లో తెర పెట్టారు. నేను రాత్రంతా ప్రసంగం తయారు చేసుకున్నాను. అందులో అక్క ఉంది, పోపు ఉంది, మూడు కారణాల జాబితా ఉంది. చివర్న, "ఈ డబ్బాలు ఎవరికి రావాలో వాళ్ళ ఐడీ మీరు ఆపేశారు" అనే వాక్యం ఉంది. అద్దం ముందు చెప్పుకుంటే నాకే రోమాలు లేచాయి.

మైకు పట్టుకుని మొదలుపెట్టాను. మంచి ఊపు మీదున్నాను. "ఈ డబ్బాలు" అన్నాను. తెర మీద నా బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోయింది. మధ్యలో చక్రం. మా కంపెనీ ఆఫీసులో, మా కంపెనీ వైఫై. విశాఖలో అయిపోయిందనుకున్నారో ఏమో, వాళ్ళ చప్పట్లు మాత్రం ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. అది విని ఇక్కడివాళ్ళూ కొట్టారు. నా జీవితంలో ఏకైక తిరుగుబాటుకు అంత మంచి ఆదరణ లభించింది.

సూపర్‌వైజర్ నా చెవి దగ్గరకు వంగాడు. "నెట్ ఎందుకాగిందో కాస్త చూడు బావా. నువ్వే కదా బెస్టు టెక్నీషియన్."

మెడలో ట్యాగు తీసి అతని చేతిలో పెట్టాను. "రీస్టార్ట్ చేసుకో బావా" అన్నాను. అదే నా రిటైర్మెంటు. శాలువా లేదు. డబ్బాలు మాత్రం తెచ్చుకున్నాను. అవి అక్కవి.

ఆవిడ ఆ పూట వాళ్ళమ్మ పక్కన చేపల బజార్లో కూర్చుని ఉంది. నేను బాధగా ముఖం పెట్టుకుని వెళ్ళాను. డబ్బాలు చూసి మూత తీసి లోపల చూసింది. "ఖాళీవేనేటిరా? చేపల పులుసైనా ఎట్టి ఇవ్వలేదా నీ కంపెనీ?" అంది. తరవాత మూత మళ్ళీ పెట్టేసింది. ఐడీ కోసం తిరిగిన తిరుగుళ్ళన్నీ ఆవిడ ముఖంలో కనిపించాయి. అది చూడడం కంటే షావుకారు గారి చేత ఇంకోసారి భుజం తట్టించుకోవడం నయం.

"ఇప్పుడేం చేస్తావక్కా?"

"ఏటి సేత్తాను? ఐడీ ఆళ్ళది. నిచ్చెన నాదే కదా" అంది.

రైల్వే స్టేషన్ రోడ్డులో ఒక చిన్న షట్టరు తీసుకుంది. ఏ కంపెనీ కనెక్షనైనా సరే, ఇంట్లో సిగ్నల్ ఎక్కడ ఆగుతోందో చూసి సరిచేసి పెడుతుంది. పని ఉంది. ఈ ఊళ్ళో పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళున్నారు, పిల్లలు చూడకుండా అన్నపు గిన్నె బోర్లించేవాళ్ళున్నారు, దుమ్ము పడకుండా చీర చుట్టేవాళ్ళున్నారు. వాళ్ళంతా చల్లగా ఉండాలి. ఇద్దరం బతుకుతున్నాం. నేను ఆవిడ దగ్గరే పనిచేస్తున్నాను కాబట్టి, నిజానికి రిటైరవలేదు. నా కోపాన్ని మాత్రం రిటైరవ్వనివ్వలేదు. చెల్లెళ్ళారా, మీ ఐడీ కంపెనీ ఇస్తుంది, కంపెనీ తీసుకుంటుంది. నిచ్చెన మాత్రం మీది మీరు కొనుక్కోండి. తమ్ముళ్ళారా, మీ భుజం తట్టినప్పుడు నిచ్చెన మీద ఎవరున్నారో ఒకసారి తలెత్తి చూడండి.

మొన్న షట్టర్లో ఫోన్ మోగింది. అక్క స్పీకర్లో పెట్టింది. ఆ గొంతు షావుకారు గారిదని నాకు వెంటనే తెలిసింది. కొడుక్కి కొత్త ఇల్లు కట్టిస్తున్నారట. గదిగదికీ టీవీ అట. మీరు బాగా చేస్తారని ఊరంతా చెబుతున్నారట. మాట్లాడుతున్నది ఎవరో మాత్రం ఆయన పోల్చుకోలేదు.

"వచ్చేముందు ఫోన్ చేస్తారా?"

"సెయ్యమండి" అంది అక్క.

ఆయన గొంతు తగ్గించారు.

"అదికాదమ్మా, పెద్ద పని. మీ దగ్గర మగవాళ్ళెవరైనా ఉన్నారా?"

అక్క నా వైపు చూసింది. నేను ప్లగ్గు పిన్నులు ఏరుకుంటున్నాను.

"ఉన్నాడండి. నిచ్చెన పట్టుకుంటాడు."